అర్ధాంతరంగా ఆగే కంప్యూటరు - మన కర్తవ్యం

కారణం లేని కార్యం లేదు. మన పూర్వ తార్కికులు కొండ మీది పొగను చూపి, దాని వెనుక ఉన్న నిప్పును ఊహించడం నేర్పారు. కాని నేడు మన కళాశాలల కంప్యూటరు గదుల్లో ఈ సూత్రానికి ఆదరణ తక్కువగా కనిపిస్తున్నది. పని మధ్యలో ఒక కంప్యూటరు ఠక్కున ఆగిపోతుంది. తెర నల్లబడుతుంది. దాని ముందు కూర్చున్న విద్యార్థి మొదట గదిలోని దీపం వంక చూస్తాడు. దీపం వెలుగుతూనే ఉంటుంది. వెంటనే బటన్ నొక్కుతాడు. యంత్రం మేలుకొంటుంది. పది నిమిషాలకు మళ్ళీ ఆగుతుంది. మళ్ళీ నొక్కుతాడు. మూడవసారి ఆగినప్పుడు లేచి పక్క యంత్రం దగ్గరకు వెళ్ళి కూర్చుంటాడు. ఎందుకు ఆగిందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. హఠాత్తుగా ఆగే కంప్యూటరు చాలాసార్లు పూర్తిగా చెడిపోయిన కంప్యూటరు కాదు. అది తనను తాను కాపాడుకొంటున్న యంత్రం, లేదా తనకు అందవలసినది అందలేదని చెబుతున్న యంత్రం. ఆ మాటను వినే పద్ధతి మన విద్యార్థులకు నేర్పాలి. అది నేర్చుకోవడానికి ఆ పెట్టెను తెరిచే అనుమతిని కళాశాల వారికి ఇవ్వాలి. కొత్త యంత్రాలు కొనడానికి ముందు చేయవలసిన పని ఇది.

తెలుగు బోధించేవానికి ఈ విషయంతో పనేమిటని కొందరు అడగవచ్చు. ఉర్దూ, తెలుగు రెండు భాషల్లోనూ వెలువడే ఇటువంటి వార్షిక సంచిక అచ్చుకు వెళ్ళే ముందు కంప్యూటరు మీదనే కూర్పు కావాలి. ఉర్దూ పుటలకు ఇన్‌పేజ్, తెలుగు పుటలకు పేజ్‌మేకర్‌లో అనూ లిపులు - ఇవి మన నగరపు కూర్పు గదుల్లో ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్న సాధనాలు. పాత ప్రోగ్రాములు గనుక అవి తరచు పాత యంత్రంలోనే ఉంటాయి. ఆ యంత్రం ఆగితే, చివరిసారి సేవ్ చేసిన తరువాత కూర్చినదంతా పోతుంది. వెనుకటి కాతిబ్ కలంతో నస్తాలీఖ్ రాస్తుండగా కరెంటు పోతే లాంతరు వెలిగించుకొనేవాడు. రాసిన పంక్తి ఎక్కడికీ పోయేది కాదు. నేడు ఉర్దూ శాఖవారైనా, తెలుగు శాఖవారైనా ఒకే యంత్రం ముందు ఒకే విధంగా నిస్సహాయులు. ఇక ప్రాక్టికల్ పరీక్షలో ప్రోగ్రాం రాస్తున్న విద్యార్థి సంగతి చెప్పనక్కరలేదు. అతని మూడు గంటల్లో అరగంట పోతే తిరిగి ఇచ్చేవారు లేరు. కనుక ఇది ఒక్క కంప్యూటరు శాఖకు చెందిన సమస్య కాదు.

మంచి వైద్యుడు జ్వరమని వినగానే మందు రాయడు. ఎప్పుడు వస్తున్నది, చలితో వస్తున్నదా, ఎంతసేపు ఉంటున్నది అని అడుగుతాడు. కంప్యూటరు విషయంలోనూ "ఆగిపోయింది" అన్న ఒక్క మాట చాలదు. ఆగడంలో మూడు రకాలు ఉన్నాయి. మొదటిది, దీపం ఆర్పినట్లు మొత్తం ఒక్కసారిగా ఆగడం. లోపలి ఫ్యాను చప్పుడు కూడా వినిపించదు. రెండవది, ఆగి తనంతట తానే మళ్ళీ మొదలుకావడం. ఒక్కొక్కప్పుడు నీలి తెర మీద కొన్ని అక్షరాలు క్షణకాలం కనిపించి మాయమవుతాయి. మూడవది, తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నింటినీ వరుసగా మూసి, మూసుకొంటున్నానని తెర మీద చెప్పి, క్రమంగా ఆగడం.

మొదటి రకం ఎక్కువగా వేడి వైపు గాని, కరెంటు వైపు గాని వేలు చూపుతుంది. రెండవ రకంలో ర్యామ్‌ను, డ్రైవర్లను, హార్డ్ డిస్కును కూడా అనుమానించాలి. మూడవ రకం యంత్ర దోషమే కాదు. ఎవరో ఆజ్ఞ ఇచ్చారు. అది విండోస్ అప్‌డేట్ కావచ్చు, ఫలానా గంటకు ఆగమని ఎవరో పెట్టిపోయిన ఏర్పాటు కావచ్చు. ఈ మూడింటిని వేరు చేయకుండా మొదలుపెట్టే మరమ్మతు చీకటిలో రాయి విసరడం వంటిది.

ఈ భేదాన్ని తెలుసుకోవడానికి యంత్రమే ఒక దినచర్య రాసుకొంటున్నది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ విభాగం చూస్తే అది కనిపిస్తుంది. అక్కడ 1074 అన్న అంకె ఉంటే, ఏ ప్రోగ్రాం, ఎవరి పేరున యంత్రాన్ని ఆపమన్నదో దాని పక్కనే రాసి ఉంటుంది. 6008 ఉంటే, అంతకు ముందు ఆగడం అనుకోకుండా జరిగిందని అర్థం. 41 అన్న అంకె కెర్నల్-పవర్ అనే పేరుతో కనిపిస్తే, యంత్రం సరిగా మూసుకోకుండానే మళ్ళీ మొదలైందని అర్థం. ఈ 41ని చూడగానే ఎస్‌ఎంపీఎస్ మార్చాలని తీర్పు చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఇది తొందరపాటు. 41 చెప్పేది ఫలితాన్ని, కారణాన్ని కాదు. బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కిపట్టి మనమే ఆపినా అదే అంకె నమోదవుతుంది. ఆ నమోదును తెరిచి బగ్‌చెక్ కోడ్ అన్నచోట చూడాలి. అక్కడ సున్నా కాక మరేదైనా ఉంటే నీలి తెర వచ్చి ఆగిందని తెలుస్తుంది. సున్నా ఉంటే, ఏమి జరిగిందో రాసుకొనే వ్యవధి కూడా యంత్రానికి దొరకలేదని చాలాసార్లు భావించవచ్చు. చనిపోయినవాని చేతిలో ఉత్తరం లేదంటే, మరణం ఎంత ఆకస్మికమో తెలిసినట్లే.

ఇక వేడి సంగతి. మన నగరంలో మే నెల పగలు 40 డిగ్రీలు దాటడం విశేషం కాదు. ఆ వేడిలో కిటికీలు మూసిన గదిలో, చెక్క బల్ల అరలో బిగించి పెట్టిన పెట్టె లోపలి గాలి ఎట్లా ఉంటుందో ఊహించవచ్చు. ప్రాసెసర్ వేడిని పీల్చడానికి దాని మీద లోహపు రేకులతో చేసిన హీట్‌సింక్, దాని మీద ఫ్యాను ఉంటాయి. రేకుల సందుల్లో దుమ్ము చేరి కంబళిలా పరుచుకొన్నప్పుడు ఫ్యాను ఎంత తిరిగినా గాలి లోపలికి చేరదు. అంబర్‌పేటలో ఫ్లైఓవర్ నిర్మాణం సాగిన ఏళ్ళలో ఆ వీథుల దుమ్ము ఎరుగనివారు లేరు. మన ఊపిరితిత్తుల్లోకి చేరినది యంత్రంలోకి చేరకుండా ఉంటుందా?

అంతేకాక ప్రాసెసర్‌కు, హీట్‌సింక్‌కు మధ్య పూసే థర్మల్ పేస్ట్ కొన్నేళ్ళకు ఎండిపోయి పెళుసుబారుతుంది. హీట్‌సింక్‌ను బోర్డుకు పట్టి ఉంచే ప్లాస్టిక్ పిన్నులు నాలుగింటిలో ఒకటి విరిగినా అది ఒక పక్కకు లేస్తుంది. అప్పుడు ప్రాసెసర్ ఏం చేస్తుంది? ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల దగ్గరకు చేరేసరికి ముందుగా తన వేగాన్ని తగ్గించుకొంటుంది. అప్పటికీ వేడి తగ్గక ఇంకా పైకి పోతే, కాలిపోవడానికి ముందే విద్యుత్తును ఆపివేయిస్తుంది. అంటే ఆగడం ఇక్కడ రోగం కాదు, రక్షణ. మళ్ళీ మళ్ళీ బటన్ నొక్కడమంటే, వడదెబ్బ తగిలి నీడన కూలబడినవానిని లేపి ఎండలోకి నడిపించడమే.

వేడి వలననే ఆగుతున్నదో లేదో తేల్చడం కష్టం కాదు. బయాస్‌లోకి వెళితే ఉష్ణోగ్రత కనిపిస్తుంది. పెట్టె పక్క రేకు తీసి, బల్ల ఫ్యానును ఎదురుగా పెట్టి చూడవచ్చు. ఆగడం మానితే వేడి మీద అనుమానం బలపడుతుంది. ఆ పైన ప్లగ్గు తీసి, మెత్తని బ్రష్షుతో, బ్లోయరుతో దుమ్ము దులపాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టి ఉంచాలి. లేకుంటే మితిమీరిన వేగంతో తిరిగి పాడవుతుంది. పేస్ట్‌ను తుడిచి కొత్తది పూయాలి. దీనికయ్యే ఖర్చు కొత్త యంత్రం ఖరీదులో ఏ పాటిది?

అయితే డిసెంబరు ఉదయపు చలిలోనూ ఆగే యంత్రాలు ఉన్నాయి. వాటి విషయంలో కరెంటు వైపు చూడాలి. మనకు గోడ నుంచి వచ్చే విద్యుత్తు 230 వోల్టులది. సెకనుకు 50 ఆవృత్తాలు. అంటే ఒక్కొక్క ఆవృత్తానికి 20 మిల్లీసెకన్లు. కంప్యూటరులోని ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి విద్యుత్తు అందకపోయినా తనలో నిలవ ఉన్న దానితో యంత్రాన్ని నడపగలిగే కాలం ప్రమాణాల ప్రకారం సుమారు 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే. అంటే ఒక ఆవృత్తం కూడా నిండదు. వయసు మళ్ళిన ఎస్‌ఎంపీఎస్‌కు అంత శక్తి కూడా ఉండదు. విద్యుత్తు అంతకన్నా ఎక్కువసేపు తడబడితే, గదిలోని దీపం మన కంటికి చెదరకుండానే కంప్యూటరు ఆగుతుంది. "కరెంటు పోలేదు గదా" అనే మన సాక్ష్యం ఇక్కడ చెల్లదు. మన కన్ను అంత చురుకైనది కాదు.

యూపీఎస్ ఉన్నది గదా అంటారు. మన బల్లల కింద ఉండే చిన్న యూపీఎస్‌లలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని ఆయుష్షు రెండు మూడేళ్ళు. ఆ తరువాత కూడా ముందున్న చిన్న దీపం పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. విద్యుత్తు తడబడిన క్షణంలో మాత్రం బ్యాటరీ బరువు మోయలేక చేతులెత్తేస్తుంది. పండుగనాడు పచ్చని తోరణం కట్టిన ఇంట్లో బియ్యపు డబ్బా ఖాళీగా ఉన్నట్లు! పైగా లేజర్ ప్రింటరును కూడా దానికే తగిలించే అలవాటు ఒకటి. కాగితం మీద పొడిని కరిగించి అంటించడానికి ప్రింటరు ఒక్కసారిగా చాలా విద్యుత్తు లాగుతుంది. అందుకే ఒకరు ప్రింటు తీస్తే వేరొకరి కంప్యూటరు ఆగే వింత జరుగుతుంది. ప్రింటరును యూపీఎస్‌కు కాక నేరుగా గోడకు తగిలిస్తే ఈ వింత మాయమవుతుంది.

ఎస్‌ఎంపీఎస్ కూడా ముసలిదవుతుంది. అది ఇవ్వవలసిన 12 వోల్టులు 11.4కు తగ్గకూడదు, 12.6కు మించకూడదు, 5 వోల్టులు 4.75కు, 5.25కు మధ్య ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు ఈ హద్దుల్లో ఉండి, బరువైన పని తగలగానే జారిపోయేవి ఉంటాయి. చవకరకం వాటి పెట్టె మీద రాసిన వాట్లకు, అవి నిజంగా ఇవ్వగల వాట్లకు పొంతన ఉండదు. మదర్‌బోర్డు మీద నిలువుగా నిలబడిన చిన్న డబ్బీల వంటి కెపాసిటర్లను కూడా చూడాలి. వాటి నెత్తి సమంగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు రసం కారినా రోగం దొరికినట్లే. 2000 తరువాతి తొలి ఏళ్ళలో లోపభూయిష్టమైన కెపాసిటర్ల వలన ప్రపంచమంతటా అసంఖ్యాకంగా బోర్డులు చెడిపోయాయి. ఆ కాలపు యంత్రాలు ఇంకా ఎక్కడైనా మూల గదుల్లో ఉంటే, ఆ ఉబ్బిన నెత్తులు నేటికీ సాక్ష్యం చెబుతాయి.

ఒక్కొక్కప్పుడు కారణం నవ్వు తెప్పించేంత చిన్నది. నొక్కిన నాలుగైదు సెకన్లకే ప్రతిసారీ ఆగే యంత్రం ఒకటి ఉందనుకొందాం. ముందున్న పవర్ బటన్ దుమ్ముతో ఇరుక్కొని వెనక్కు రాకపోతే, ఎవరో దానిని నొక్కిపట్టి ఉన్నారని యంత్రం భావిస్తుంది. అట్లా నొక్కిపడితే ఆగవలసిందని దానికి నేర్పిన నియమం. అది ఆజ్ఞ పాటిస్తున్నది. దానికి మదర్‌బోర్డు మార్చిన ప్రబుద్ధులూ ఉండవచ్చు.

ఇన్ని కారణాలలో అసలు కారణాన్ని పట్టుకొనేది ఎట్లా? ఇక్కడ తర్కశాస్త్రం మనకు తోడు వస్తుంది. అన్వయం, వ్యతిరేకం అని రెండు మాటలు. ఇది ఉన్నప్పుడు అది ఉండడం అన్వయం. ఇది లేనప్పుడు అది లేకపోవడం వ్యతిరేకం. రెండూ కుదిరినప్పుడే కారణమని పలకాలి. బల్ల ఫ్యాను పెడితే ఆగలేదు - ఇది సగం సాక్ష్యం. ఫ్యాను తీస్తే మళ్ళీ ఆగింది - ఇప్పుడు సాక్ష్యం నిండింది. మన మరమ్మతులన్నీ సగం సాక్ష్యం దగ్గరే ఆగిపోతున్నాయి. ర్యామ్ తీసి పెట్టాం, ఫార్మాట్ చేశాం, వైరును కదిపాం; మూడు రోజులు నడిచింది. ఈ మూడింటిలో దేని వలన నడిచింది? ఎవరికీ తెలియదు. నాలుగవ రోజు ఆగినప్పుడు మళ్ళీ మొదటి నుంచి.

ఇదే హెచ్చరిక వెయ్యేళ్ళ కిందట ఇబ్న్ సీనా చేసి ఉన్నాడు. 980 నుంచి 1037 వరకు జీవించిన ఆ మహావైద్యుడు తన అల్ ఖానూన్ గ్రంథంలో మందును పరీక్షించే నియమాలు చెప్పాడు. మిశ్రమ వ్యాధి మీద కాక, ఒకే వ్యాధి ఉన్నచోట మందును పరీక్షించాలన్నది వాటిలో ఒకటి. ఫలితం నిలకడగా కనిపించాలన్నది మరొకటి. కంప్యూటరుకు దీనిని అన్వయిస్తే, అదనపు సరంజామా అంతా తీసివేసి, ప్రాసెసర్, ఒకే ర్యామ్, తెర - ఇంతవరకే ఉంచి చూడాలి. నడిస్తే ఒక్కొక్కటే తిరిగి చేర్చాలి. ఒక అడుగులో ఒకే మార్పు. ఇంతకు మించిన రహస్యం ఏ మరమ్మతు దుకాణంలోనూ లేదు.

మరొక పరీక్ష మన కళాశాలలకే ప్రత్యేకంగా అనుకూలమైనది. ఇంట్లో ఒకే యంత్రం ఉంటుంది. కళాశాలలో వరుసగా ఇరవై ఉంటాయి. ఆగే యంత్రాన్ని, ఆగని యంత్రాన్ని చోటు మార్చి చూడండి. దోషం యంత్రం వెంట వెళ్ళిందా, చోటు దగ్గరే నిలిచిందా? నాకు తెలిసిన ఒక కళాశాలలో ఒక మూల బల్ల మీది కంప్యూటరు తరచు ఆగుతుండగా, మదర్‌బోర్డు పోయిందని చెప్పి దానిని పక్కన పెట్టించారు. ఆ స్థానంలో పెట్టిన కొత్త యంత్రమూ కొద్ది రోజులకే ఆగడం మొదలుపెట్టింది. చివరికి సంగతి బయటపెట్టినవాడు అటెండరు. బోరు మోటారు వేసినప్పుడల్లా ఇది ఆగుతున్నదని అతడు ఎప్పుడో గమనించాడు. అడిగినవారు లేక చెప్పలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే, ఆ మూల సాకెట్టులో న్యూట్రల్ వైరు వదులుగా ఉన్నది. మోటారు మొదలైన క్షణంలో వోల్టేజి కుంగి, ఆ వదులు ముడి దగ్గర ఇంకా కుంగేది. స్క్రూ బిగిస్తే తీరిపోయిన జబ్బుకు ఒక యంత్రం బలి అయింది.

ఈ ఉదంతంలో నన్ను ఆలోచింపజేసినది వదులైన వైరు కాదు, అడగబడని అటెండరు. ఆ గదిలో డిగ్రీలు ఉన్నవారు ఉన్నారు, కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులు ఉన్నారు. రెండు సంఘటనలను కలిపి చూసిన కన్ను మాత్రం వారిది కాదు. చదువు చేతి పనిని చిన్నచూపు చూసినప్పుడు ఇట్లాగే జరుగుతుంది. మన విద్యార్థి ప్రాసెసర్ నిర్మాణాన్ని పరీక్షలో పది మార్కులకు రాయగలడు. ఎదురుగా ఉన్న పెట్టెలో అది ఎక్కడ ఉందో చూపలేడు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళి చూడండి. బడి మధ్యలో మానిన కుర్రవాడు పెట్టె విప్పి, చెవితో ఫ్యానును విని, ముక్కుతో కాలిన వాసన పట్టి, అరగంటలో రోగం చెబుతాడు. అతనికి సిద్ధాంతం తెలియదు. మనవానికి ప్రయోగం తెలియదు. ఈ ఇద్దరినీ ఒకే మనిషిలో చూడగోరడం అత్యాశ కాదు.

అట్లాంటి మనుషులు ఈ నగరంలో ఉండేవారు. తార్నాక నుంచి మౌలాలి మీదుగా వెళితే కుషాయిగూడ వస్తుంది. అక్కడి ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1967లో డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో ఏర్పడింది. 1969 నాటికే ఆ సంస్థ పేరిట టీడీసీ-12 అనే కంప్యూటరు తయారైంది. నేడు ఆయన పేరుతో ఒక కాలనీ ఉన్నది. ఆ కాలనీ పేరు చూసి బస్సెక్కే విద్యార్థులు ఎందరో ఉన్నారు. యంత్రాన్ని తయారుచేసిన ఊరి పిల్లలు యంత్రం పెట్టె మూత తీయడానికి భయపడడం చింతించవలసిన విషయం.

భయానికి ఒక కారణం భాష కూడా. దోషం గురించి తెర మీద కనిపించేది ఆంగ్లం. టెక్నీషియన్ రాసిచ్చే చీటీ అరకొర ఆంగ్లం. ఉర్దూ, తెలుగు మాధ్యమాల నుంచి వచ్చిన విద్యార్థి తాను చూసినది తన మాటలో రాయవచ్చునని అనుకోడు. అంబర్‌పేటకు కూతవేటు దూరంలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఆరంభమైనప్పుడు, ఉన్నత శాస్త్రాలను దేశభాషలో బోధించవచ్చునన్న విశ్వాసంతో ఆరంభమైంది. ఆ పని కొరకే దారుల్ తర్జుమా ఏర్పడి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. అంతటి మహాప్రయత్నం జరిగిన నేల మీద, "ప్రింటరు వేయగానే ఆగింది" అన్న నాలుగు మాటలు తెలుగులోనో, ఉర్దూలోనో ఒక పుస్తకంలో రాయలేమా?

ఆ పుస్తకమే ఈ విషయంలో ప్రాణం వంటిది. 1947 సెప్టెంబరు 9న అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో మార్క్-2 అనే యంత్రం పనిచేయనప్పుడు, దాని రిలేలో ఒక చిమ్మట పురుగు దొరికింది. అక్కడివారు ఆ పురుగును దినచర్య పుస్తకంలో అంటించి, పక్కన నమోదు చేశారు. ఆ బృందంలో పనిచేసిన గ్రేస్ హాపర్ ఆ కథను తరువాత ప్రచారంలోకి తెచ్చారు. దోషాన్ని పురుగు అనే వాడుక ఇంజనీర్లలో అంతకు ముందే ఉన్నది. ఈ కథలో మనం నేర్చుకోవలసినది పురుగు గురించి కాదు, పుస్తకం గురించి. అక్కడ యంత్రం పక్కన పుస్తకం ఉన్నది, అందులో తేదీ, వేళ రాసే అలవాటు ఉన్నది. అందుకే ఆ పురుగు నేటికీ నిలిచి ఉన్నది.

నా అభిప్రాయానికి కొన్ని ఆక్షేపణలు రావచ్చు. విద్యార్థులు పెట్టె తెరిస్తే ప్రమాదం గదా అని మొదటిది. ఇది న్యాయమైన ఆక్షేపణ. 230 వోల్టుల విద్యుత్తు ఎస్‌ఎంపీఎస్ లోపల సుమారు 325 వోల్టులుగా నిలవ ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు ఉంటుంది. అందుచేత ఎస్‌ఎంపీఎస్ పెట్టెను ఏ విద్యార్థీ, ఏ అధ్యాపకుడూ విప్పకూడదు. అనుమానం ఉంటే దానిని మొత్తంగా మార్చి చూడాలి. గోడ సాకెట్టును ఎలక్ట్రీషియనే ముట్టాలి. ప్లగ్గు తీయకుండా మూత తీయరాదు. ఈ నియమాలు గోడ మీద రెండు భాషల్లో రాసి పెడితే ప్రమాదం ప్రయోగశాలలోని యాసిడ్ సీసా కంటే ఎక్కువ కాదు. యాసిడ్ ప్రమాదమని రసాయన శాస్త్రాన్ని పుస్తకంలో మాత్రమే చదివిస్తున్నామా?

వారంటీ పోతుందని రెండవ ఆక్షేపణ. వారంటీ ఉన్న యంత్రాలకు బయటి పరీక్షలే చేద్దాం. చోటు మార్చడానికి, యూపీఎస్ చూడడానికి, దినచర్య చదవడానికి మూత తీయనక్కరలేదు. పాత యంత్రాలు ఎట్లాగూ పనికిరావని మూడవ ఆక్షేపణ. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త విండోస్‌కు తగని పాత యంత్రాలను తీసివేయాలన్న ఒత్తిడి కమిటీల మీద ఉన్నమాట నిజం. కాని ప్రోగ్రాముకు వయసు మీరడం ఒక విషయం, యంత్రం ఆగడం వేరొక విషయం. ఈ రెండింటిని కలిపి ఒకే సంతకంతో తీర్మానించరాదు. ప్రోగ్రాములు నేర్చుకొనే గదికి అదే యంత్రం మీద లైనక్స్ సరిపోతుంది. పుటలు కూర్చే యంత్రాన్ని ఇంటర్‌నెట్‌కు దూరంగా ఉంచి వాడుకోవచ్చు. ఇక సాకెట్టు దోషం అట్లాగే ఉంటే, కొత్తగా కొన్నది కూడా ఆ బల్ల మీద ఆగుతుంది.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. ఎండలు ముదరకముందు, మార్చిలో ఒకసారి, వానలు వెనుకబట్టిన తరువాత మరొకసారి యంత్రాలన్నింటికీ దుమ్ము దులిపించాలి. ఏడాదికి ఒకమారు ఎలక్ట్రీషియన్ చేత ప్రతి సాకెట్టును, ఎర్తింగును పరీక్షింపజేయాలి. ఒక మల్టీమీటరు, మంచిదని తెలిసిన ఎస్‌ఎంపీఎస్ ఒకటి, ర్యామ్ ఒకటి గదిలో ఉంచాలి. ప్రతి యంత్రానికి ఒక పుస్తకం ఉండాలి. ఆగిన తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని, ఆగిన తీరు, తరువాత చేసిన ఒకే ఒక మార్పు - ఇవి ఎవరికి వచ్చిన భాషలో వారు రాయాలి. ఆ పుస్తకం చూడకుండా ఏ యంత్రాన్నీ పనికిరానిదని తీసివేయరాదు. పనికిరాదని తేలిన యంత్రాన్ని కూడా పాత ఇనుము ధరకు అమ్మే ముందు, ఒక తరగతి విద్యార్థులు విప్పి, మళ్ళీ బిగించడానికి ఇవ్వాలి.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది ఇంకా చిన్నది. ఈసారి మీ ముందున్న యంత్రం ఆగినప్పుడు బటన్ మీదికి వేలు పోనివ్వకండి. గడియారం చూడండి. ఫ్యాను చప్పుడు ఉన్నదా వినండి. గదిలో ఎవరు ఏ స్విచ్చి వేశారో అడగండి. అటెండరును కూడా అడగండి. ఆ నాలుగు సంగతులూ పుస్తకంలో రాసి, అప్పుడు బటన్ నొక్కండి. యంత్రం మళ్ళీ ఆగవచ్చు. కాని రెండవసారి ఆగేటప్పటికి మీరు మొదటిసారి ఉన్నచోట ఉండరు.